టస్కనీ హకారం: ఇటాలియన్ ‘సి’ ఉచ్చారణపై ఎట్రుస్కన్ వాదం

ఇటాలియన్‌లో ‘సి’ అక్షరం అ, ఒ, ఉ అచ్చులకు ముందు కకారంగాను, ఇ, ఎ అచ్చులకు ముందు చకారంగాను పలుకుతుంది. వ్యాకరణాలు చెప్పే సూత్రం ఇంతవరకే. ఫ్లోరెన్స్ నగరంలో మాత్రం ఇల్లు అనే అర్థంలో ‘లా కాసా’ అన్న మాట ‘లా హాసా’గా వినబడుతుంది. ‘గోర్జా తోస్కానా’ అనబడే ఈ హకారం క్రీస్తుపూర్వం టస్కనీలో వర్ధిల్లిన ఎట్రుస్కన్ల ఉచ్చారణకు అవశేషమా, లేక చాలాకాలం తరువాత అక్కడే పుట్టిన మార్పా అన్నది భాషాచరిత్రలో దీర్ఘకాలం నడిచిన వివాదం.

అక్షరం విషయంలో ఎట్రుస్కన్ల ఋణం నిర్వివాదం. గ్రీకుల ‘గామా’ వారి ద్వారానే రోమన్లకు చేరింది. ఎట్రుస్కన్ భాషలో క, గ ల భేదం లేనందున గకార చిహ్నం వారి చేతిలో కకార చిహ్నమైంది. రోమన్లు కొంతకాలం రెండు ధ్వనులకూ ‘సి’నే వాడి, క్రీ.పూ. 3వ శతాబ్దంలో ‘జి’ని వేరు చేసుకున్నారు. గైయుస్ అనే పేరుకు సంక్షేపంగా ‘సి’ వ్రాయడం ఆ పాత అలవాటుకు గుర్తు.

ప్రాచీన లాటిన్‌లో ‘సి’ ఏ అచ్చుకు ముందైనా కకారమే. గ్రీకులు సిసెరో పేరును ‘కికెరోన్’ అని వ్రాశారు. సీజర్ పేరు నుండి జర్మన్ భాషకు ‘కైజర్’ వచ్చింది. తాలవ్యాచ్చులకు ముందు కకారం మెత్తబడడం తరువాతి పరిణామం. నూరు అనే అర్థంగల లాటిన్ ‘కెంతుమ్’ ఇటాలియన్‌లో ‘చెంతో’, వెనిస్‌లో ‘సెంతో’ అయింది. సార్డీనియా ద్వీపపు లొగుదొరెసె మాండలికంలో ‘కెంతు’గా నిలిచింది. తెలుగువారికి ఈ క్రమం కొత్తది కాదు. కన్నడ ‘కివి’, ‘కెరె’లకు తెలుగులో ‘చెవి’, ‘చెరువు’ ఉన్నాయి. ఇక్కడ కన్నడం సార్డీనియా స్థానంలో ఉంది. అంతేకాదు, ‘చదువు’లోని దంత్య చకారాన్నీ ‘చెవి’లోని తాలవ్య చకారాన్నీ తెలుగు లిపి ఒకే అక్షరంతో వ్రాసి, పరాచ్చును బట్టి పలకమంటుంది. ‘సి’ చేసేదీ అదే.

గోర్జా నియమాలు స్పష్టమైనవి. అచ్చుల మధ్యనే కకారం హకారమవుతుంది. ‘ఇన్ కాసా’లో హల్లు తరువాత వచ్చింది కనుక మారదు, ‘ఆ కాసా’లో ద్విత్వం పొంది ‘అక్కాసా’ అవుతుంది. పీసా, లివోర్నో ప్రాంతాలలో హకారం కూడ లోపించి ‘లా ఆసా’ వినవచ్చు. తకార, పకారాలు సైతం ఇదే పరిస్థితిలో సడలుతాయి.

ఎట్రుస్కన్ లిపిలో మహాప్రాణాలకు ప్రత్యేక చిహ్నాలుండడం, ఆ జాతి నివసించిన నేలమీదనే గోర్జా వినబడడం క్లెమెంతే మెర్లో వంటివారి వాదానికి ఆధారాలు. వాదం ఆకర్షణీయమే; కాని ఎట్రుస్కన్ మహాప్రాణాలు పదాదిలోనూ ఉన్నాయి, అవి అచ్చుల మధ్యకు పరిమితమైనవి కావు. గెర్హార్డ్ రోల్ఫ్స్ చూపిన కాలనిర్ణయపు ఆధారాలు ఇంకా బలమైనవి. 14వ శతాబ్దారంభంలో దాంతే లాటిన్‌లో వ్రాసిన భాషాగ్రంథంలో టస్కనీ నగరాల పలుకుబడులను ఒక్కొక్కటిగా ఎత్తిపొడిచాడు గాని ఈ హకారం ఊసెత్తలేదు. దీనికి తొలి స్పష్టమైన సాక్ష్యం సియెనా పండితుడు క్లావ్దియో తొలొమెయి 1525లో వెలువరించిన ‘ఇల్ పొలీతో’లో దొరుకుతుంది. మౌనం ఒక్కటే నిరూపణ కాజాలదు. అయితే మధ్యయుగంలో పీసా పాలనలో టస్కన్ ప్రభావానికి లోనైన కోర్సికా ద్వీపపు భాషలో గోర్జా లేదు. ఆ వలస కాలానికి పీసాలో ఈ మార్పు పుట్టి ఉంటే దాని జాడ ద్వీపంలో మిగలవలసింది. హెర్బర్ట్ ఇజ్జో 1972లో ప్రచురించిన గ్రంథం ఎట్రుస్కన్ వాదాన్ని సమగ్రంగా పరీక్షించి త్రోసిపుచ్చింది. ఎట్రుస్కన్ భాష అంతరించడానికీ తొలొమెయి సాక్ష్యానికీ నడుమనున్న సుమారు పదిహేను శతాబ్దాల అంతరాన్ని నేల ఒక్కటే అన్న వాదం పూడ్చలేదు.

ఇటలీ ఏకీకరణానంతరం 1868లో మంజోనీ ఫ్లోరెన్స్ వ్యవహారాన్ని జాతీయ భాషగా వ్యాపింపజేయాలని ప్రభుత్వానికి నివేదించాడు. 1873లో అస్కోలీ దానిని ఖండించాడు. ఆచరణలో టస్కన్ పదజాలం, వర్ణక్రమం ప్రామాణికమయ్యాయి గాని గోర్జా కాలేదు. ‘రోమన్ నోట టస్కన్ భాష’ అన్న ఇటాలియన్ల పాత నానుడి ఈ ఎంపికకు బాగా నప్పుతుంది. అలాగని రోమ్ ఉచ్చారణ నిర్దుష్టమేమీ కాదు. అక్కడ, ఫ్లోరెన్స్‌లోవలెనే, ‘లా చేనా’ (రాత్రి భోజనం) ‘లా షేనా’ అవుతుంది. ఉత్తర ఇటలీవారు ఈ రెండింటినీ పలకరు; వారిలో కొందరి చకారం ‘త్స’కు దగ్గరగా ఉంటుంది.