చాతం దీవిలో తూటాల లంకెలు

చాతంలో 1883లో స్థాపింపబడిన కలపమిల్లు ఆవరణలో 1942 మార్చి నాటి జపాను బాంబు గొయ్యి నేటికిని కలదు. ఆ నెల 23న జపానీయులు నాటి పోర్టుబ్లెయిరులో దిగి, 1945 వరకు దీవుల నేలిరి.

ఇట్టి తావుల తుప్పుపట్టిన లోహపుముక్క కనబడినచో, మరతుపాకి తూటాలను గొలుసుగా కూర్చు లంకె యని తొందరపడరాదు. జపాను పదాతిదళపు 92వ రకము భారీ మరతుపాకికి లంకెలు లేవు. ముప్పది తూటాలు అమర్చిన లోహపుపట్టీయే దాని మేత. ఆంగ్లేయుల వికర్సుకు 250 తూటాల గుడ్డపట్టీ యుండెడిది. తూటా పేలిన కొలది విడివడి రాలు లోహపు లంకెలు ఆ యుద్ధమున ముఖ్యముగా విమానపు తుపాకులవి. కావున ఆకారమే తొలి సాక్ష్యము. దొరకిన చోటు రెండవది.

చోటు తప్పించిన వస్తువు మూగవోవును. పేలని తూటా ప్రాణమునే తీయవచ్చును. కనుక ముట్టక, పోలీసులకు తెలుపుడని మన బిడ్డలకు నేర్పుదము.