గ్రామనామములు – వాని లిపిరూపములు

గ్రామచరిత్ర రచనకు పూనుకొన్నవారు శాసనములను, దేవాలయములను, వంశావళులను పరిశీలింతురు. ఊరి పేరును, ఆ ఊరి చెఱువులకు, చేలకు, దిబ్బలకు గల పేర్లను మాత్రము చరిత్రాధారములుగా గణించుట అరుదు. ఈ నామములను ఏ రీతిగా సేకరింపవలెను, ఏ వర్ణక్రమమున వ్రాయవలెను అను విషయమును సంగ్రహముగా విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

నామరూపము కాలానుగుణముగా మాఱును. క్రీ. శ. 4వ శతాబ్దమునాటి సముద్రగుప్తుని అలహాబాదు ప్రశస్తిలోని పిష్టపురమే నేటి పిఠాపురము. సంస్కృతమున ధాన్యకటకమైనది అమరావతి ప్రాకృతశాసనములలో ధంఞకడ. కావున సంస్కృతరూపము కన్పట్టినంతనే అదియే మూలమని తలంచుట యుక్తము కాదు. లేఖకులు దేశ్యనామములను సంస్కృతీకరించుట సర్వసామాన్యము.

ఊళ్ళ వృత్తాంతములను విరివిగా సేకరింపజేసిన ఘనత కర్నల్ కాలిన్ మెకంజీది. 1821లో మరణించు వఱకు ఆయన ఈ కృషిని విడువలేదు. కావలి వెంకట బొఱ్ఱయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య మున్నగువారు ఆయనకు కుడిభుజములై నిలిచిరి. కరణముల దండకవిలెల ఆధారమున వెలసిన కైఫీయతులలో పొలిమేరలు, చెఱువులు, మాన్యములు పేర్లతో సహా పేర్కొనబడినవి. వానిలోని నామోత్పత్తి కథలు విశ్వసనీయములు కాకపోవచ్చును. నామములు మాత్రము విలువైనవి. కథను కథగాను, పేరును పేరుగాను వేఱుపఱచి గ్రహింపవలెను.

ఆంగ్లేయుల పాలనలో మఱియొక చిక్కు ఏర్పడినది. శ్రీకాకుళము ‘చికాకోల్’ అయ్యెను. నరసాపురము చెంతనున్న మాధవాయపాలెము ‘మడపొల్లం’ అయి, అచ్చటి వస్త్రమునకును అదే పేరు నిలిచెను. ఇట్టి ప్రసిద్ధ నామములను సవరించుకొనుట సులభము. కడప పేరు యొక్క ఆంగ్లరూపము 2005లో సవరింపబడినది. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరమైనది. చిన్న పల్లెల గతి అట్టిది కాదు. ఆంగ్లలిపిలో ట-తలకు, డ-దలకు, హ్రస్వదీర్ఘములకు భేదము తెలియదు. ‘కోట’, ‘కోత’ ఒక్క తీరుననే వ్రాయబడును. ‘పాడు’, ‘పాదు’లును అంతే. ఆ పట్టికనుండి మరల తెలుగులోనికి మార్చినప్పుడు, ఊరి నెఱుగని లేఖకుడు ఊహించినదే పేరగును. మన లిపిలోనే ‘ఱ’కారము జాఱిపోవుటచే, నదియైన ఏఱునకును నాగలియైన ఏరునకును భేదము కన్నులకు కానరాకున్నది.

1830 ప్రాంతమున ఐర్లండు భూమాపనమునకై జాన్ ఓ డొనవన్ అను పండితుడు పారిష్‌ల వారీగా ప్రతి నామము యొక్క నానారూపములను, వాని ఆధారములను పరిశీలించెను. ఆ పద్ధతి మనకును అనుసరణీయము. శాసనరూపము, కైఫీయతు రూపము, రెవిన్యూ రూపము, జనుల ఉచ్చారణ అను నాల్గింటిని వేర్వేఱుగా వ్రాసికొనవలెను. ఉచ్చారణను ఒక్క వాడలోనే గాక, పశువులు కాచువారినుండి, జాలరులనుండి, కూలిజనులనుండి వినవలెను. ఏ చేనికి ఏ పేరో వారికి తెలిసినంతగా వ్రాతకాండ్రకు తెలియదు. ‘తప్పు’ అని తోచిన రూపమును దిద్దరాదు. అదియే ప్రాచీనరూపము కావచ్చును.

కడప జిల్లా గ్రామనామములపై ఆచార్య కేతు విశ్వనాథరెడ్డిగారి పరిశోధన మనకు మార్గదర్శకము. కాని ఊరి లోపలి చేల పేర్ల సేకరణకు వ్యవధి తక్కువ. ఆంధ్రప్రదేశమున 1984లో కరణీకము రద్దైనది. పొలమునకు సర్వే నంబరే గుర్తుగా మిగిలినది. 2020 డిసెంబరులో ప్రారంభమైన భూముల పునఃసర్వేలోను హద్దులకు, సంఖ్యలకే ప్రాధాన్యము. పేర్లు వృద్ధుల నోటనే నిలిచియున్నవి. శాసనము శిథిలమైనను ప్రతిరూపము తీయవచ్చును. పలికెడి నోరు మూగవోయిన పిమ్మట పేరునకు ప్రతిరూపము లేదు.