సంతకం పెట్టే ముందు: ఒక జబ్బు, దాని మందు పరీక్షల చరిత్ర



మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం గురించో, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు తన తండ్రి పేరున ఆ ఊరిని కట్టించిన సంగతో రాస్తానని అనుకొని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా తెలిసినవారు మన సభ్యుల్లోనే ఉన్నారు. నేను రాయదలచినది ఒక మొండి జబ్బుకు మందు కనిపెట్టడం కోసం ప్రపంచంలో జరిగిన పరీక్షల చరిత్ర. నేను డాక్టరును కాను. 1972లో నందిగామ తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయిన గుమాస్తాను. అయితే ఈ చరిత్రలో కాగితాలు, సంతకాలు చాలా ఉన్నవి. అంతవరకు నాకు తెలిసిన పనే.

నాతోపాటు అదే సంవత్సరం ఉద్యోగంలో చేరిన మిత్రుడొకడు ఉండేవాడు. జగ్గయ్యపేట వాస్తవ్యుడు. వారి ఇంటివారి కోరిక మీద పేరు రాయడం లేదు. అతని దస్తూరీ ముత్యాల కోవ. జమాబందీ రోజుల్లో పై అధికారులకు వెళ్ళే కాగితాలన్నీ అతని చేతే రాయించేవారు. అటువంటివాడు 2013లో లైఫ్ సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టబోతే కలం వేళ్ళ మధ్య నిలవలేదు. పాత సంతకంతో కలవడం లేదనీ, వేలిముద్ర వేయమనీ అన్నారు. బయటికి వచ్చాక, "ముప్పయ్యారేళ్ళు ఊళ్ళో వాళ్ళందరి చేతా వేలిముద్రలు వేయించాను కదోయ్, ఇవాళ నా వంతు వచ్చింది" అని నవ్వాడు. కొన్నాళ్ళకు కాలి చెప్పు జారిపోవడం, మాట ముద్దగా రావడం మొదలయింది. మెడ ఎముకల అరుగుదల అన్నారొకరు, నరాల నీరసం అన్నారు మరొకరు. చివరకు హైదరాబాదులో అసలు పేరు చెప్పారు: ఏ.ఎల్.ఎస్.

మెదడు నుంచి, వెన్నుపాము నుంచి కండరాలకు ఆజ్ఞలు చేరవేసే నరాల కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోవడమే ఈ జబ్బు. చేయి, కాలు, మాట, మింగడం, ఆఖరుకు ఊపిరి వరుసగా పోతాయి. చాలామందిలో తెలివి, జ్ఞాపకం చెక్కుచెదరవు. అదే దీనిలోని క్రూరత్వం. ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో 1869లో దీనిని వర్ణించి, 1874లో పేరు పెట్టాడు. 1939లో లూ గెరిగ్ అనే అమెరికా బేస్‌బాల్ ఆటగానికి వచ్చి రెండేళ్ళలో ప్రాణం తీసింది. స్టీఫెన్ హాకింగ్ అనే శాస్త్రవేత్త మాత్రం 1963లో ఈ జబ్బు బయటపడిన తరువాత 2018 వరకు జీవించాడు. అది అరుదు. మన దక్షిణాదిలో చిన్న వయసువారికి వచ్చి, చెవుడుతో కలిసి, నెమ్మదిగా ముదిరే ఒక రకం కూడా ఉన్నది. మద్రాసు వైద్యులు మీనాక్షిసుందరం, జగన్నాథన్, రామమూర్తి గార్లు 1970లో దానిని ప్రకటించారు. అందుచేత ఇది విదేశాల జబ్బు అనుకోరాదు.

ఇక మందు పరీక్ష అంటే ఏమిటో చూద్దాము. ఒకరికి మందిస్తే నయమయిందని చెప్పడం పరీక్ష కాదు. రోగులను రెండు జట్లుగా చేయాలి. ఎవరు ఏ జట్టులోకి పోవాలో చీటీలు వేసినట్టుగా తేలాలి. ఒక జట్టుకు మందు, రెండో జట్టుకు అదే రంగు, అదే రుచి గల ఉత్తుత్తి మాత్ర ఇవ్వాలి. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియకూడదు, చూసే డాక్టరుకూ తెలియకూడదు. గడువు అయ్యాక లెక్క విప్పి చూడాలి.

ఉత్తుత్తి మాత్ర లేకుండా, రెండు పద్ధతులను ఇలాగే పోల్చిన గొప్ప పరీక్ష మన పొరుగునే జరిగింది. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం పెట్టి, కొందరు రోగులను శానిటోరియంలోనూ, కొందరిని ఇంటి వద్దనూ ఉంచి ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. 1959లో ఫలితాలు ప్రకటించారు. ఇంట్లో ఉన్నవారికీ ఇంచుమించు అంతే బాగా నయమయింది. మంగళగిరి, మదనపల్లె శానిటోరియాలకు వెళ్ళినవాళ్ళను ఎరిగిన మన తరానికి ఇది ఎంత పెద్ద మార్పో వేరే చెప్పనక్కరలేదు.

ఏ.ఎల్.ఎస్.కు మొదటి విజయం 1994లో వచ్చింది. రిలుజోల్ అనే మాత్రను 155 మంది మీద పరీక్షించారు. ఏడాది తిరిగేసరికి ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 78 మందిలో 45 మంది, అసలు మందు వేసుకున్న 77 మందిలో 57 మంది బ్రతికి ఉన్నారు. ఆ తరువాత 959 మందితో మరో పెద్ద పరీక్ష చేశారు. 1995 డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. లెక్క తీస్తే ఆయుర్దాయంలో పెరుగుదల సుమారు రెండు మూడు నెలలు. ఇంతేనా అంటారు. మా మిత్రుడు కూడా అదే అన్నాడు, కాని పూటా తప్పకుండా వేసుకున్నాడు.

ఆ తరువాత చరిత్ర ఎక్కువగా నిరాశల చరిత్ర. 2008లో ఇటలీలో 44 మంది మీద చేసిన చిన్న పరిశీలనలో లిథియం అద్భుతంగా పనిచేసిందన్నారు. దేశదేశాల రోగులు సొంతంగా తెప్పించుకొని వేసుకున్నారు. అమెరికా, కెనడాలలో 2009లోనే పరీక్షను మధ్యలో నిలిపివేశారు. ఇంగ్లండులో 214 మందితో చేసిన పరీక్ష కూడా ఉపయోగం లేదని 2013లో తేల్చింది. డెక్స్‌ప్రమిపెక్సోల్ అనే మందు మీద గంపెడాశ పెట్టుకున్నారు. 940 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో అదీ 2013 జనవరిలో ఓడిపోయింది.

2014 ఆగస్టులో ఈ జబ్బు కోసం చందాలు పోగుచేస్తూ లోకమంతా నెత్తిన ఐసు నీళ్ళు పోసుకొన్నది. మిత్రుని మనవడు ఆ బొమ్మలు ఫోనులో చూపిస్తే, మాట రాకపోయినా కళ్ళతో నవ్వాడు. ఆ నెలలోనే ఒక నగరంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రి వారు మూలకణాల ఇంజెక్షన్‌తో జబ్బును నిలబెడతామన్నారట. మూడు డోసులు, డోసుకు రెండున్నర లక్షలు. పాలేటి ఒడ్డున ఉన్న ఎకరంన్నర మిరప చేను అమ్మడానికి బేరం కూడా కుదిరింది. బయానా తీసుకోవడమే తరువాయి. అబ్బాయి నా దగ్గరకు వచ్చి, "మావయ్యగారూ, ఇది కొత్త ట్రయల్ అంటున్నారు, కాగితాలు ఒకసారి చూడండి" అన్నాడు.

చూశాను. ఉన్నది డబ్బు కట్టే కాగితం ఒక్కటే. మన దేశంలో మందు పరీక్షలను నమోదు చేసే రిజిస్ట్రీ 2007 జూలైలో మొదలయింది. 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి అయినది. మూలకణాల గురించి భారత వైద్య పరిశోధన మండలి 2007లో ఇచ్చిన మార్గదర్శకాల పేరులో 'చికిత్స' అనే మాట ఉండేది. 2013లో సవరించినప్పుడు ఆ మాటనే తీసివేశారు. ఇది ఇంకా చికిత్స కాలేదు, పరిశోధన మాత్రమే అని దాని అర్థం. గుమాస్తా కంటికి అటువంటి కొట్టివేత చాలా చెబుతుంది. ఫోను చేసి రిజిస్ట్రీ నంబరు అడిగాను. "ఇది ట్రయల్ కాదండీ, ట్రీట్‌మెంటు" అన్నారు. అబ్బాయితో ఒక మాట, నాతో ఒక మాట.

అప్పుడు నాకు పక్కనున్న ఖమ్మం జిల్లా గుర్తుకు వచ్చింది. 2009లో అక్కడ సుమారు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కేన్సరు నిరోధక టీకా వేశారు. దాన్నీ పరీక్ష అనలేదు, ప్రదర్శన పథకం అన్నారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో నిలిపివేశారు. చావులకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. కాని తల్లిదండ్రులు చేయవలసిన సంతకాలు హాస్టలు వార్డెన్లు చేశారని బయటపడింది. 2013లో పార్లమెంటు సంఘం దీనిని గట్టిగా తప్పు పట్టింది. టీకా మంచిదే కావచ్చు. సంతకం ఎవరిది అన్నదే ప్రశ్న.

ఈ సంగతులన్నీ మిత్రునికి వివరంగా చెప్పాను. నిర్ణయం నీదేనన్నాను. అతడు ఎడమ చేత్తో పలక మీద వంకర అక్షరాలతో, "నంబరు పడని తపాలు మీద చర్య తీసుకోరాదు" అని రాశాడు. చేను అమ్మలేదు. రిజిస్ట్రీలో అసలైన పరీక్ష ఏదైనా ఉందేమోనని మనవని చేత వెతికించాము. అతని స్థితికి సరిపోయేది దొరకలేదు. 2016లో కాలం చేశాడు.

సంవత్సరీకం నాడు వారి శ్రీమతి, "అన్నయ్యగారూ, ఆ ఇంజెక్షన్ చేయించి ఉంటే ఇంకో ఏడాది ఉండేవారేమో" అన్నది. నాకు జవాబు తోచలేదు. అతడు నిజంగా వద్దనుకున్నాడా, చేను మిగలాలని వద్దన్నాడా, నేను చెప్పాను గనుక వద్దన్నాడా అని ఎన్నో రాత్రులు ఆలోచించాను. ఒకవేళ చేయించి, ఏడాది బ్రతికినా, అది ఇంజెక్షన్ వల్లనో కాదో ఎవరూ చెప్పలేరు. పోల్చి చూసేందుకు రెండో జట్టు లేదు. నంబరు లేని చోట డబ్బే కాదు, జ్ఞానం కూడా వృథా అవుతుంది.

తరువాత సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో రోగి సొంత మూలకణాలతో తయారు చేసిన ఒక మందును సుమారు 190 మంది మీద పరీక్షించారు. 2020లో వచ్చిన ఫలితాలు అనుకున్న లక్ష్యం చేరలేదు. 2023 సెప్టెంబరులో అక్కడి నిపుణుల సంఘంలో 17 మంది ఆ మందుకు తగిన ఆధారం లేదన్నారు, ఒక్కరు మాత్రమే ఉన్నదన్నారు. ఇది మాకు చెప్పిన ఇంజెక్షనే అని నేను అనను. అయినా ఆ వార్త చదివిన రోజున కొంత నిద్ర పట్టింది. 2022లో అమెరికా అనుమతి పొందిన రెలివ్రియో అనే మందు కూడా, 664 మందితో చేసిన పరీక్షలో తేలిపోగా, 2024 ఏప్రిల్‌లో కంపెనీయే వెనక్కు తీసుకొన్నది. ఆశ కూడా లేకపోలేదు. జన్యులోపం వల్ల జబ్బు వచ్చిన కొద్దిమందికి ఉపయోగపడే టోఫెర్సెన్‌కు 2023 ఏప్రిల్‌లో అక్కడ అనుమతి వచ్చింది. ఓడిపోయిన ప్రతి పరీక్షలోనూ వందలమంది రోగులు తమకు మేలు లేదని తెలిసే అవకాశం ఉన్నా పేరు రాయించుకున్నారు. వారి ఋణం తరువాతి రోగులందరి మీదా ఉన్నది.

మిత్రులకు నా విజ్ఞప్తి. మీ ఇంట్లో ఎవరికైనా కొత్త మందు పరీక్ష అని చెబితే నాలుగు ప్రశ్నలు అడగండి. రిజిస్ట్రీ నంబరు ఎంత? పరీక్షించే మందుకు మా దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు? అంగీకార పత్రం తెలుగులో ఉన్నదా, నకలు మాకు ఇస్తారా? హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఎవరు ఇస్తారు? ఈ చివరి రెండూ అడిగే హక్కు 2019 నాటి మందు పరీక్షల నిబంధనలలో మనకు ఉన్నది. జవాబులు సరిగా ఉంటే ధైర్యంగా చేరవచ్చు. అది లోకానికి చేసే మేలు.

ఆ మిరప చేను కౌలు మీద ఆ ఇల్లాలు ఈనాటికీ కుటుంబ పెన్షనుకు తోడుగా బ్రతుకుతున్నది. ఈ వ్యాసం ప్రతి ఆమెకు చదివి వినిపించాను. "ఆ పలక ఇంకా దాచాను అన్నయ్యగారూ" అన్నది.

సెలవు.