తుమార్: కాగితపు చుట్ట నుంచి వెండి గొట్టం దాకా

మధ్య ఆసియా పాత వెండి నగలు సేకరించేవాళ్ల నోట తరచూ వినపడే మాట తుమార్. తుర్క్‌మెన్, కజక్ భాషల్లో దీనికి తాయెత్తు అని అర్థం. తాయెత్తు దాచుకునే వెండి బరిణె కూడా తుమారే. ఈ మాట అరబ్బీది. అక్కడ తూమార్ అంటే చుట్టచుట్టిన పత్రం. అంతకుముందటి మూలం గ్రీకు 'తొమారియోన్'. ఖలీఫాల పత్రాలు రాసిన పెద్ద అక్షరాల లిపికీ ఇదే పేరు. మొగలుల రెవెన్యూ లెక్కల్లోని 'తుమార్ జమా' (శిస్తు పట్టీ) పేరులో ఉన్నదీ ఈ మాటే.

ప్రార్థన రాసిన కాగితాన్ని చుట్టి గొట్టంలో పెట్టేవారు. అలా లోపలి చుట్ట పేరు పైనున్న నగకూ దక్కింది. తెక్కె తెగ తుర్క్‌మెన్ల తుమార్‌కు తరచుగా పైన త్రికోణపు రేకు, కింద అడ్డంగా గొట్టం, బంగారు పూత, ఎర్రని కార్నీలియన్ రాళ్లు, వేలాడే గొలుసులు ఉంటాయి.

ఇలాంటి నగను ఫొటో తీసేటప్పుడు పక్కనుంచి మెత్తని వెలుతురు పడనిస్తే చెక్కడపు పని తేటగా కనిపిస్తుంది. ముందువైపుతో సరిపెట్టుకోకండి. వెనక రేకునూ గొట్టం చివరలనూ కూడా తీయండి. అతుకులు, అరుగుదల, మరమ్మతులు బయటపడేది అక్కడే.