తన్లిన్ కార్మికుడు, చెట్టియార్ గుమాస్తా: పని నేర్పిన రెండు పద్ధతులు

యాంగోన్ నగరానికి ఎదురుగా, బాగో నదికి ఆవలి ఒడ్డున తన్లిన్ పట్టణం ఉంది. బ్రిటిష్ పాలనాకాలంలో దాని పేరు సిరియం. బర్మా ఆయిల్ కంపెనీ అక్కడ నెలకొల్పిన చమురుశుద్ధి కర్మాగారంలో భారతీయ కార్మికులు పెద్దసంఖ్యలో పనిచేసేవారు. వారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగువారూ ఉన్నారు. కోరంగి రేవు పేరుమీదుగా బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అనేవారు. అదే కాలంలో దిగువ బర్మా వ్యవసాయానికి పెట్టుబడి సమకూర్చినవారు తమిళదేశపు నాట్టుకోట్టై చెట్టియార్లు. ఈ ఇద్దరి అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఉద్యోగి శిక్షణకూ పనితీరుకూ మధ్యనున్న సంబంధం తేటపడుతుంది.

1930 నాటికి బర్మాలో చెట్టియార్ల వడ్డీవ్యాపార సంస్థలు 1600కు పైగా ఉండేవి. వాటిని నడిపిన ఏజెంట్లు ఏ కళాశాలలోనూ చదివినవారు కారు. చిన్నవయసులోనే కొట్టులో చేరి, భిన్నాల ఎక్కాలతో సహా నోటిలెక్క, చిట్టా ఆవర్జాల రాత, అప్పు అడిగే మనిషి స్థితిగతుల అంచనా పెద్దల పక్కన కూర్చుని నేర్చుకునేవారు. అనుభవం పెరిగే కొద్దీ బాధ్యత పెరిగేది. ఏజెంటు అయినవాడు సాధారణంగా మూడేళ్ళ గడువుకు బర్మా వెళ్ళేవాడు. అతనికి జీతంతోపాటు లాభంలో వాటా కూడా దక్కేది. నేర్చిన విద్యకు అధికారం, ప్రతిఫలం రెండూ తోడైన ఏర్పాటు అది.

రంగూన్ పరిసరాల్లోని తెలుగు కూలీల పరిస్థితి ఇందుకు భిన్నం. మేస్త్రీ ప్రయాణపు ఖర్చులకు బయానా ఇచ్చి మనుషులను తెచ్చేవాడు. ఆ బాకీని కూలిలోంచి మినహాయించుకునేవాడు. పని వారికీ వచ్చేది, పక్కవాడిని చూసి, చేసి నేర్చుకున్నదే. కానీ ఆ నేర్పు పై మెట్టుకు దారి చూపలేదు. ఎంత నేర్పరి అయినా లెక్కల్లో అతడు కూలీయే. నేర్పు పెరగడం వల్ల కలిగిన లాభం యజమానికీ మేస్త్రీకీ చేరింది.

అయితే చెట్టియార్ల శిక్షణకూ ఒక హద్దు ఉంది. 1930ల ఆర్థికమాంద్యంలో ధాన్యం ధర పడిపోయినప్పుడు, అప్పు తీర్చలేని రైతుల భూములు వారి చేతికి వచ్చాయి. 1938 నాటికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల భూమిలో దాదాపు నాలుగోవంతు వారిదే. ఒక్కొక్క అప్పును తూచడంలో ఆరితేరినవారికి, దేశమంతటి పంట ఒకే ధరపై ఆధారపడి ఉండటంలోని ప్రమాదం అంతుపట్టలేదు.

ఆ లోటును పూరించే పని తరవాతి కాలపు బ్యాంకు శిక్షణాలయాలది. రిజర్వు బ్యాంకు 1954లో బొంబాయిలో బ్యాంకర్ల శిక్షణ కళాశాలను ప్రారంభించింది. స్టేట్ బ్యాంకు హైదరాబాదులో తన స్టాఫ్ కాలేజీని నెలకొల్పింది. తరగతి గది విశాలదృష్టిని ఇవ్వగలదు. కానీ తిరిగివెళ్ళిన ఉద్యోగికి పాత కుర్చీ, పాత అధికారమే మిగిలితే ఆ దృష్టి పనిలోకి రాదు.

1942 మార్చిలో జపాను సేనలు సమీపిస్తుండగా సిరియం కర్మాగారాన్ని బ్రిటిష్‌వారే ధ్వంసం చేశారు. లక్షలాది భారతీయులు బర్మా విడిచి నడకదారి పట్టారు. అందులోని తెలుగు కార్మికుల చేతుల్లో ఏళ్ళ తరబడి సంపాదించిన పనితనం ఉంది. దాన్ని గుర్తించే పత్రం గానీ, పదవి గానీ లేదు.