పత్తిచేలోంచి ప్లాటినం గని దాకా

ఇక్కడ క్రిస్మస్ దగ్గర పడిందంటే ఏ షాపుకెళ్ళినా "శాంటా బేబీ" వినాల్సిందే. 1953లో ఎర్తా కిట్ పాడింది. క్రిస్మస్ తాతని ప్రియుణ్ణి చేసి, గోముగా అడుగుతుంది: బొచ్చుకోటు, రాబోయే ఏడాది మోడల్ కారు, విహారనౌక, ప్లాటినం గని పట్టా, ఆఖరికి ఉంగరం. పండగ పాటలో ఈ కాబరే వగలేమిటని నొచ్చుకున్నవాళ్ళున్నారు. నేనూ అదొక చిలిపి పాటే అనుకున్నాను, ఆవిడ కథ తెలిసేదాకా.

1927లో దక్షిణ కరోలినాలో పుట్టి, చిన్నతనంలో పత్తి ఏరిన నల్లజాతి పిల్ల. తల్లి వదిలేసింది. పెద్దయ్యాక ప్యారిస్ కాబరేల్లో పాడి పేరు తెచ్చుకుంది. అది తెలిశాక ఆ చిట్టా నాకు అత్యాశలా వినిపించదు, పాతబాకీ వసూలులా వినిపిస్తుంది.

2008లో ఆవిడ పోయింది. ఆ రోజు డిసెంబరు 25.