సిగరెట్ పెట్టెలో బొమ్మ, చీరాలలో ఆకు

బేస్‌బాల్, పోకేమాన్ కార్డులు పోగేసేవాళ్ల లోకంలో ఒక పాత గొడవ ఉంది. ఒకే కార్డు మొన్న పంపితే 9, ఇవాళ పంపితే 10! అంచులు, మూలలు, ఉపరితలం, బొమ్మ మధ్యలో కూర్చుందా లేదా అన్నవి చూసి వేసే మార్కు అది. ఆ ఒక్క అంకెతో ధర రెట్లలో మారిపోతుంది. మనిషి కన్ను అలసిపోతుంది కదా, మెషీన్‌కి అప్పగిద్దాం అంటున్నారు. 2021లో పీఎస్ఏ అనే అమెరికన్ గ్రేడింగ్ సంస్థ కార్డులు గుట్టలు పడి కొత్తవి తీసుకోవడం చాలావరకు ఆపేసింది. ఆ ఏడాదే దాని మాతృసంస్థ జెనమింట్ అనే ఏఐ కంపెనీని కొంది.

ఈ కథకి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చుట్టరికం ఉంది. టీ206 అనే ప్రసిద్ధ కార్డులు 1909–11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చినవి. ఆ కంపెనీ, బ్రిటన్‌లోని ఇంపీరియల్ టొబాకో కలిసి 1902లో పెట్టిందే బ్రిటిష్ అమెరికన్ టొబాకో. ఆ కుటుంబం నుంచే 1912లో ఆకు కోసం ఐఎల్‌టీడీ పుట్టింది. చీరాల వాళ్లకి ఆ పేరు విడమరచి చెప్పక్కర్లేదు.

బ్యారన్‌లో కాలిన ఆకుని మొక్క మీద ఏ ఎత్తున కాసింది, నిమ్మపండు రంగా, గోధుమ రంగా, మచ్చ ఉందా అని చూసి వేరుచేస్తారు. ఎక్కువగా ఆడకూలీల చేతుల మీద సాగే పని ఇది. ఆకు మరీ ఎండితే ముట్టుకోగానే పొడైపోతుంది, తేమ ఎక్కువైతే బూజు. వెలుతురు మారితే రంగూ మారినట్టే కనిపిస్తుంది. ఇంత చేశాక కూడా, చివరి మాట కొనేవాడిదే.

1937లో అగ్‌మార్క్ చట్టం వచ్చి గ్రేడులకి ప్రభుత్వ నిర్వచనం ఇచ్చింది. నా లెక్కలో అసలు మలుపు మాత్రం 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడిన పొగాకు బోర్డు, 1985లో ఆంధ్రలో మొదలైన వేలాలు. గ్రేడు వేసేది బోర్డు మనిషి, ధర చెప్పేది కంపెనీ మనిషి. ఈ రెండు పనులూ విడిపోవడం చిన్న విషయం కాదు. అయినా గ్రేడు రాసిన బేలుకి ఎవరూ పాడకపోతే ‘నో బిడ్’. 2015లో లో గ్రేడు ఆకుని అడిగే నాథుడు లేక ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. గ్రేడింగ్ ఎంత నిలకడగా ఉన్నా ఆ ఏడాది ఒరిగేదేమీ లేదు.

అటు పీఎస్ఏ 1991లో గ్రేడు చేసిన మొదటి కార్డు టీ206 హోనస్ వాగ్నర్. వేసింది 8. దాని అంచులు తానే కత్తిరించానని వేలందారు బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు. మంచి కెమెరా ఆ కోతని పట్టుకునేదేమో. పట్టుకున్నా బయటపెట్టాలా వద్దా అనేది కెమెరా యజమాని ఇష్టం.

ఇప్పుడు మిరపకాయ వంతు. తెలంగాణ ప్రభుత్వం 2022లో ఖమ్మం జిల్లాలో ‘సాగు బాగు’ పేరుతో 7,000 మంది మిర్చి రైతులతో పైలట్ నడిపింది. అందులో కాయ నాణ్యతని ఏఐతో పరీక్షించడం కూడా ఒక భాగం. గుంటూరు యార్డులో వ్యాపారి టిక్కీలోంచి గుప్పెడు తీసి, విరిచి, తాలు ఎంతో చూసి, చేత్తోనే తేమ అంచనా కడతాడు. రంగు, తాలు కెమెరాకి లొంగుతాయి. తేమకి వేరే సాధనం కావాలి. ఘాటు ఫొటోలో పడదు.

నాకు ఆసక్తి కలిగించేది ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్నదే. కల్లంలో, టిక్కీ కుట్టకముందే రైతుకి గ్రేడు తెలిస్తే తాలు వేరుచేసుకుంటాడు, ఇవాళ యార్డుకి తోలాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా ఆలోచించుకుంటాడు. కాటా దగ్గర మాత్రమే తెలిస్తే అది వ్యాపారి గుప్పెడుకి ఇంకో పేరు. కార్డు యజమానికి గ్రేడు నచ్చకపోతే ప్లాస్టిక్ డబ్బా పగలగొట్టి ఇంకో సంస్థకి పంపుకుంటాడు. నో బిడ్ పడ్డ బేలుని రైతు ఇంటికి తోలుకుపోవాలి, మళ్లీ బండి కిరాయి కట్టి అదే వేలం కేంద్రానికి తేవాలి.